సకినాల్లోని నువ్వులు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఆరేళ్లు. నీ తోడికోడలు సుజాత పెట్టిన సకినాలు తిని, ఊపిరాడక పోయావు. ఆమే ఏదో కలిపిందని ఇన్నాళ్లూ అనుమానించాను. నేను ఆమె ఇంటి గడప తొక్కలేదు.

మొన్న సకినం తిన్న నా బిడ్డకూ పెదవులు వాచి, గొంతు బిగిసింది. జగిత్యాల డాక్టరు సూది వేసి బతికించాడు.

"నువ్వులు పడలేదమ్మా. వాటిల్ల మొలకకు తిండి కోసం గింజ దాచుకునే ప్రొటీన్ ఉంటది. బిడ్డ ఒళ్లు దాన్ని విషమనుకున్నది. మీ ఇంట్ల ఇంకెవరికన్నా గిట్లయిందా?"

చిన్నప్పుడు నువ్వులుండ తింటే నీ నోరు దురదపెట్టేదని గుర్తొచ్చి, "మా అక్కకు," అన్నాను.

ఈరోజు సుజాత ఊరు కొడిమ్యాల వెళ్లాను. "అచ్చినవా చెల్లె," అంటూ సుజాత చాయ్ తెచ్చింది. తాగేముందు వాసన చూశాను. ఆమె గమనించింది.

"ముందుగాల నేను తాగాల్నా?" అన్నది.

తలెత్తలేక, మొత్తం తాగేశాను.