మడ్‌గార్డు మీది సొట్ట

బావమరిదీ,

చిరంజీవి అని మొదలుపెట్టబోయి కొట్టేశాను.

షోరూములో వారం రోజులు నిలబెడతానని నా పాత కారు పట్టుకెళ్ళావు. నీ కొత్త బండ్ల పక్కన పెట్టి, "ఇది తాతల కాలం నాటి ఇనుము" అని జనాన్ని నవ్వించావట. నవ్వించుకో. పిల్లి రాసుకుపోతే బంపరు మార్చాల్సిన బండ్లు నీవి. లోపల తెర ఆరిపోతే తలుపు కూడా తెరుచుకోదు.

దానికి కాదు నా కోపం. నన్నొక్క మాట అడగకుండా, తగుదునమ్మా అని ముందు మడ్‌గార్డు మీది సొట్ట తీయించి రంగెవడు వేయించమన్నాడు? పైగా నన్నేదో ఉద్ధరించినట్టు ఫోను చేసి, "కొత్త పెళ్ళికూతుర్ని చేసి పంపాను బావా" అంటావా?

సొట్టలు తీయడమే నా పని. ఊరందరి బండ్లకూ తీసినవాణ్ణి, నా బండికి ఒక్కటి ముప్పయ్యేళ్ళుగా ఎందుకు ఉంచుకున్నానో నీ బుర్రకు తట్టలేదా? మీ అక్క కారు నేర్చుకున్న మొదటిరోజు మా షెడ్డు గోడను గుద్దింది. గోడ కూలింది. బండికి అరచేతంత సొట్ట పడింది, అంతే. "ఇది తీశారంటే ఊరుకోను, గోడ పడగొట్టిన గుర్తు!" అని దిగి నవ్వింది. తను పోయిన ఈ ఆరేళ్ళూ రోజూ పొద్దున దానిమీద చెయ్యి వేశాకే షెడ్డు తెరిచాను.

ఇక నా గడప తొక్కకు.

ఇవాళ ఆ సొట్ట మళ్ళీ పెడదామని సుత్తి పట్టుకున్నాను. నాలుగు దెబ్బలు కొట్టాను. నాలుగూ సుత్తి దెబ్బల్లాగే ఉన్నాయి.

ఇట్లు,
నిన్నటిదాకా నీ బావ