బద్ధకమని నేనన్న మాట

పాయింట్ కుక్,
మే 18

చిరంజీవి హేమచంద్రను దీవించి అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను, నాన్నగారు బాగానే ఉన్నాము. విజయవాడలో ఎండలు మండే ఈ మేలో ఇక్కడ చలి మొదలైంది, కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చాను. ఉత్తరాన టౌన్స్‌విల్‌లో మీకు ఇంకా చెమటలేనని స్నేహ చెప్పింది. నాలుగో నెల వచ్చి దానికి వేవిళ్లు తగ్గినందుకు సంతోషం.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. “అమ్మా, హాస్పిటల్ వాళ్లు ఫ్యామిలీ హిస్టరీ అడుగుతున్నారు. నేను కడుపులో ఉన్నప్పుడు నీకేమైనా ప్రాబ్లం ఉండేదా?” అన్నావు. ఫోన్ చేసి, చెప్పకుండానే పెట్టేశాను. నీకు చదవడం కష్టం కనుక స్నేహే ఈ ఉత్తరం పైకి చదువుతుందని తెలుసు. కోడలిగా తను కూడా వినవలసిన మాటే.

నాకు మూర్ఛ ఉంది. పదహారో ఏట మొదలైంది. పెళ్లికి ముందే మావాళ్లు నాన్నగారికి చెప్పారు, బంధువులకు మాత్రం తెలియనివ్వలేదు. నీకు తలనొప్పి మాత్రలని చెప్పినవి దానికే. నువ్వు కడుపులో ఉండగా కూడా వేసుకున్నాను. మానితే ఇద్దరి ప్రాణానికీ ముప్పని విజయవాడ డాక్టరు అన్నారు. ఆ మాత్ర వల్ల బిడ్డకు మాట, చదువు ఆలస్యం కావచ్చని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. అందులో నా తప్పు లేదని ఇక్కడి డాక్టరమ్మ అంటుంది.

నా తప్పు ఆ తర్వాతిది. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా ఆవిడే నాకీ సంగతి చెప్పింది. మరుసటి నెలలో మీ స్కూలు సైకాలజిస్టు మనిద్దరినీ కూర్చోబెట్టి, ప్రెగ్నెన్సీలో మందులేమైనా వాడారా, పిల్లవాడికి పరీక్షలు చేద్దామా అని అడిగింది. “లేదు. పరీక్షలు అక్కర్లేదు. వాడికి బద్ధకం, అంతే” అన్నాను. మూర్ఛ మాట బయటపడితే మనవాళ్లలో తలెత్తుకోలేననుకున్నాను. నువ్వు పక్కనే తల వంచుకుని కూర్చున్నావు. కారెక్కాక, “ఐ యామ్ ట్రయింగ్, అమ్మా” అన్నావు. నేను రేడియో పెట్టాను.

మీ బిడ్డ గురించి మొన్న డాక్టరమ్మను అడిగాను. నేను వేసుకున్న మాత్ర మనవల దాకా వస్తుందని భయపడనక్కర్లేదంది. మూర్ఛ సంగతి మాత్రం మీ డాక్టరుకు చెప్పమంది. నువ్వు ఇప్పుడైనా ఆ పరీక్షలు చేయించుకోవచ్చట. ఆవిడ రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను. చేయించుకోవడం నీ ఇష్టం.

నిన్న నాన్నగారికీ అంతా చెప్పాను. స్కూలు రిపోర్టులు వచ్చిన రోజుల్లో ఆయన నీ మీద చేయి చేసుకుంటుంటే నేను చూస్తూ నిలబడ్డాను కదా. అంతా విని ఆయన, “తెలిసుంటే వాణ్ణి కొట్టేవాణ్ణి కాదు కదే” అన్నారు.

పురుటికి రమ్మన్నావు. ఇదంతా విన్నాక కూడా రమ్మంటేనే వస్తాను.

ఇట్లు,
నీ ఎదుట పడటానికి మొహం చెల్లని
అమ్మ