కట్టిన చెయ్యి, కట్టించుకున్న తల

హతిర్ నెల, 4

అన్నయ్య తెల్లపట్టీ కట్టుకుని నేటికి నలభై రోజులు. బయటి దేశాలవాళ్ళు మా రాజులకి బంగారు కిరీటాలుంటాయనుకుంటారట. ఏం లేదు. బెత్తెడు తెల్లగుడ్డ. తలచుట్టూ చుట్టి, వెనక ముడివేసి, కొసలు మెడమీదకి వదిలితే రాజు. అది ఒక్కడే కట్టుకోవాలి. ఇంకెవడి తలమీద కనబడినా ఆ తల ఉండదు.

మేం నలుగురం సవతి అన్నదమ్ములం. పెద్దవాడు రాజయ్యాడు. నడిమివాళ్ళిద్దరూ ఈ నలభై రోజుల్లోనే పోయారు. ఒకడు జ్వరంతో పోయాడన్నారు. ఇంకొకడి పడవ తిరగబడిందన్నారు. ఆ రోజు అలెగ్జాండ్రియా రేవులో సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. నేనేమీ అడగలేదు. కుక్కిన పేనులా పడి ఉన్నాను.

అమ్మది రోజూ ఒకటే పాట. తిను, తాగు, కౌజుపిట్టలు పెంచుకో, ఎవరేమడిగినా నోరెళ్ళబెట్టు అంటుంది. తెలివితక్కువవాడికి ఆయుష్షెక్కువట. ఇరవై ఏళ్ళొచ్చాయి నాకు. నోరెళ్ళబెట్టడం బాగానే వచ్చింది.

హతిర్ 9

బంతాటలో ఎగిరి స్తంభానికి కొట్టుకున్నాను. కనుబొమ్మ పైన చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే దాది పరుగెత్తుకొచ్చింది. తమూని. నాకు పాలిచ్చి పెంచిన మనిషి, నది ఎగువన ఏదో పల్లెటూరు ఆవిడది. కళ్ళు నెత్తికెక్కాయా నీకు, స్తంభం కనబడలేదా అని తిడుతూనే, తీగమీద ఆరేసిన తెల్లదుప్పటి సర్రున చించి తలకి కట్టింది. ముడి వెనక్కి వేసింది. ముందుకి వేస్తే గాయం మీద ఒత్తుకుంటుందట.

కాసేపు ఎండలో కూర్చుందామని వాకిట్లోకి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఇద్దరు మాసిడోనియా భటులు. ఒకడు నన్ను చూసి, ఓయబ్బో, రాజుగారు దయచేశారే అన్నాడు. రెండోవాడు ఈటెతో డాలుమీద టంగుమని కొట్టాడు. మొదటివాడూ కొట్టాడు. అది రాజుకి చేసే మర్యాద. వాకిట్లో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వనిది తమూని ఒక్కతే. చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయి కట్టు ఊడబీకింది. మళ్ళీ రక్తం కారింది.

హతిర్ 10

అన్నయ్య భోజనానికి రమ్మన్నాడు.

హతిర్ 11, పొద్దున

ఇంకా బతికే ఉన్నాను.

అన్నయ్య ఏ పళ్ళెంలోంచి తింటే నేనూ ఆ పళ్ళెంలోంచే తిన్నాను. అతను చేప తీసుకుంటే నేనూ చేప, అతను అత్తిపండు తీసుకుంటే నేనూ అత్తిపండు. అది కనిపెట్టి, కావాలని పచ్చి ఉల్లిపాయ కొరికాడు. నేనూ కొరికాను. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఏడవడానికి మంచి సాకు దొరికింది.

తర్వాత లేచి వచ్చి నా గాయం వేలితో తడిమాడు. పాపం, నొప్పిగా ఉందా తమ్ముడూ అన్నాడు. కట్టు ఎంత వెడల్పు ఉందన్నాడు. కొసలు వేలాడాయా, ముడిలోకి దోపారా అన్నాడు. గుర్తులేదన్నాను, నోరెళ్ళబెట్టి. అతను ఎంతసేపు నవ్వాడో. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇంటికొచ్చి తిన్నదంతా కక్కుకున్నాను.

హతిర్ 13

గుమ్మం దగ్గర కొత్త భటులు. పాతవాళ్ళేరి అని అడిగితే, ఏ పాతవాళ్ళు అన్నారు.

హతిర్ 14

తమూనిని పట్టుకుపోయారు. రొట్టెలకి పిండి కలుపుతోంది. చేతులు కడుక్కోనివ్వలేదు.

హతిర్ 15, మధ్యాహ్నం

ఎవందర్ వచ్చాడు. అన్నయ్యకి కుడిభుజం వాడే. నువ్వులూ తేనే కలిపిన ఉండలు తెచ్చాడు. నేను ముట్టుకోకపోతే తనే రెండు తిని చూపించాడు.

తీరిగ్గా కూర్చుని చెప్పాడు. రాజుది కాని తలమీద తెల్లపట్టీ కనబడిందట. భటులు మర్యాద చేశారట. ఊరంతా గుప్పుమందట. ఇంకా ఊరుకుంటే రాజు పరువేం కాను అన్నాడు. ఇక తేలాల్సింది ఒకటేనట. తప్పు కట్టిన చెయ్యిదా, కట్టించుకున్న తలదా?

ఎల్లుండి సైన్యం ముందు విచారణ. రాజద్రోహానికి సైన్యమే తీర్పు చెప్పాలి, తాతల నాటి నుంచీ అంతే. నన్ను రాజుని చేయాలని ముసల్ది కావాలనే పట్టీ కట్టిందని నేను ఒక్క మాట అంటే చాలట. ఆ తర్వాత హాయిగా పిట్టలు పెంచుకోవచ్చట. అనకపోతే, అన్నాను. ఎవందర్ మూడో ఉండ నోట్లో వేసుకున్నాడు.

హతిర్ 16

అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. అది పనిమనిషిరా, నువ్వు నా కడుపున పుట్టినవాడివి, చెప్పేసెయ్ రా అని ఒకటే ఏడుపు. చెబుతాలే అన్నాను.

చెరసాలలో తమూనిని చూడనిచ్చారు. నామీదకి తోసెయ్ నాయనా, కాటికి కాళ్ళు చాచుకున్నదాన్ని, నాకేం అని ఆవిడే అంటుందనుకున్నాను. దారి పొడుగునా ఆ మాట కోసం సిగ్గులేకుండా ఆశపడ్డాను. ఆవిడ అనలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, నాకు చావాలని లేదు నాయనా అంది. ఊళ్ళో చెల్లెలుందట, దాని దొడ్లో ఖర్జూరాలు పండే రోజులట. తల పగిలితే గుడ్డ కడతారు, దాని రంగు చూసుకుంటారా ఎక్కడైనా అంది. నువ్వెందుకు బయటికి పోయావురా, బుద్ధి లేదా అని తిట్టింది. తిట్టి, ఏడ్చింది.

తొమ్మిదో తేదీన రాయనిది ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను. భటులు డాళ్ళు కొట్టినప్పుడు నేను నవ్వి ఊరుకోలేదు. చెయ్యెత్తాను. అన్నయ్య ఎత్తినట్టే, తాపీగా. నేనెందుకు రాజుని కాకూడదు అనిపించింది. ఎంత బాగుందో! ఒక్క క్షణమే. తమూని అది చూసింది. అందుకే కట్టు పీకేసింది. కట్టిన చేతికి ఏ పాపమూ తెలియదు, పాపమంతా ఈ తలలోనే ఉంది. ఇంత తెలిసీ రేపు ఆవిడమీదకే తోసేద్దామనుకుంటున్నాను. నాకు అంత భయంగా ఉంది.

హతిర్ 17, సాయంత్రం

దండు మైదానంలో వేలమంది. అన్నయ్య ఎత్తు పీటమీద, తెల్లపట్టీతో. కింద తమూని, చేతులు కట్టేసి.

ఎవందర్ నన్ను అడిగాడు. చెప్పాల్సిన మాట పొద్దున్నుంచీ వల్లె వేసుకుని వచ్చాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తమూని తుమ్మింది. అంతే. కట్టేసిన చేతులతో ముక్కు తుడుచుకోలేక భుజానికి రాసుకుంది. ఆ తర్వాత ఆ మాట నా నోటికి రాలేదు.

ఆవిడ గాయానికి కట్టు కట్టింది, ఇంకేమీ ఎరగదు అన్నాను. చెయ్యెత్తింది నేను అన్నాను. ఒక్క క్షణం రాజునైనట్టుంది, బాగుంది, ఆ తప్పు నాది, నన్నేం చేసినా సరే, ఆవిణ్ణి వదిలెయ్యండి అన్నాను. గొంతు ఆడపిల్ల గొంతులా కీచుమంది.

వెనక వరసలోంచి ఒక ముసలి సైనికుడు, పాలు తాగిన రొమ్ము గుద్దలేదురా వీడు, మగాడు అని అరిచాడు. ముసలమ్మని విప్పండి అన్నాడింకొకడు. ఒక డాలు మోగింది. పది మోగాయి. తర్వాత మైదానమంతా మోగింది. ఫిలోటస్, ఫిలోటస్ అని నా పేరే. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

చేతులు రెండూ ఒంటికి అదిమిపట్టుకున్నాను. ఎత్తలేదు, దేవుడి మీద ఒట్టు, వేలు కూడా కదపలేదు. ఆపండ్రా బాబూ, చంపేస్తున్నార్రా నన్ను అని లోపల మొత్తుకున్నాను. వాళ్ళు ఆపలేదు.

తమూని కట్లు విప్పేశారు. అన్నయ్య పీట దిగివచ్చి అందరిముందూ నన్ను కౌగిలించుకున్నాడు. చెవిలో, భలే మాట్లాడావు తమ్ముడూ, ఇన్నాళ్ళూ నువ్వు వట్టి వెర్రివాడివనుకున్నాను అన్నాడు.

హతిర్ 18, పొద్దున

తమూని ఎక్కిన పడవ తెల్లారకముందే వాళ్ళ ఊరికి వెళ్ళిపోయిందని కబురొచ్చింది. భయం లేదని రాద్దామని కూర్చున్నాను.

వాకిట్లో ఎవందర్. వెనక నలుగురు భటులు. అన్నయ్య నన్ను తన స్నానాలగదికి తీసుకురమ్మన్నాడట. నీళ్ళు వేడిగా ఉన్నాయట, త్వరగా రమ్మంటున్నాడు.