కత్తి చెయ్యి వైపు

చిరంజీవి అమ్మాయికి మీ నాన్న దీవించి స్వయంగా రాస్తున్నది. ఇక్కడ నేనూ నీ కూతురూ వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. అదే క్షేమమైతే క్షేమంగానే ఉన్నాం. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి చేతులు పగిలాయని రాశావు. కొవ్వు రాసుకో. మా కొట్టులో అందరం అదే రాసుకుంటాం. కంపు అని ఎవరైనా ముక్కు మూసుకుంటే మా నాన్న కసాయి అని చెప్పు, నోరు కూడా మూసుకుంటారు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. నడుస్తోంది. కొట్టు మానేయమన్నావు. మానను, ఆ మాట మళ్ళీ రాయకు. చిన్నది నీకెందుకు ఉత్తరం రాయడం లేదని అడిగావు. దానికి జవాబు పొడుగు. కూర్చుని చదువు.

జీవశాస్త్రం మార్కులు వచ్చాయి. యాభై నాలుగు. మీ ఆసుపత్రి నర్సుల బడిలో చేరాలంటే అరవై ఉండాలని నువ్వే రాశావు. ఆ సీటు వస్తే తల్లీ బిడ్డా ఆరేళ్ళ తర్వాత ఒక గదిలో ఉంటారని నేనూ రోజులు లెక్కపెట్టాను. ఆరు మార్కులు తగ్గాయి.

అది చదవలేదనుకోకు. దాని చదువు నేను చూశాను. సాయంత్రం కొట్టు నుంచి వచ్చిన పళ్ళేలు తోముతూ పాఠం అప్పజెప్పేది, నేను పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. వారానికో భాగం తెచ్చి ఇచ్చాను. ఒకసారి మూత్రపిండం, ఒకసారి కార్జం. మేక కన్ను కోసినప్పుడు లోపలి కటకం గాజు గోళీలాగా బల్ల మీద దొర్లింది, పిల్ల ఎగిరి గంతేసింది. పక్కింటి దర్జీ కిటికీలోంచి చూసి, "ఏం మామా, చదువా, వంటా?" అన్నాడు. "మెదడు పాఠం మిగిలిందిరా, నీది ఇస్తావా? వాడనిది కదా, కొత్తగా ఉంటుంది" అన్నాను. పిల్ల పడీ పడీ నవ్వింది. ఇప్పుడు ఇంట్లో ఆ నవ్వు లేదు.

పరీక్షకు ముందు రోజు గుండెకాయ తెచ్చాను. మొన నా వైపు తిప్పి చెక్క మీద పెట్టి కోసి చూపించాను. ఒక గోడ పలచన, ఒక గోడ వేలెడు మందం. "కుడి గోడ మందం, చూడు" అన్నాను. మా కొట్టులో కుడి అంటే కత్తి చెయ్యి వైపు. ఏ ముక్కకైనా అంతే. నలభై ఏళ్ళుగా అదే లెక్క.

పిల్ల పళ్ళెం తోమడం ఆపింది. "ఎడమదనే చదివాను తాతయ్యా. చేతులు తడిగా ఉన్నాయి, పుస్తకంలో చూసి చెప్పు."

చూశాను. అమ్మాయీ, నాకొచ్చిన అక్షరాలు మీ అమ్మ నేర్పినవి. ఉత్తరానికి చాలుతాయి. నువ్వు పెద్దగా, విడదీసి రాస్తావు కనుక నీవి చదువుతాను. ఆ పుస్తకంలో అక్షరాలు చీమలు, వత్తుల మీద వత్తులు. ఇన్ని నెలలూ అది అప్పజెప్పిన ప్రతి ముక్కకూ "సరిగ్గా ఉంది" అన్నానే గానీ, ఒక్క వాక్యం చదివింది లేదు. పేజీలో బొమ్మ కనిపించింది. మందపు గోడ నా కత్తి చెయ్యి వైపే ఉంది.

"కుడే" అన్నాను.

"అలాగే రాసుందా?"

"అక్షరం పొల్లు పోకుండా."

పొద్దున అది పుస్తకం తెరవలేదు. "నువ్వు చూశావుగా తాతయ్యా, చాలు" అని వెళ్ళింది. గుండె మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. పన్నెండు మార్కులు. బొమ్మలో గదుల పేర్లు, నెత్తురు నడిచే దారి, అన్నీ నేను చెప్పినట్టే తిప్పి రాసి వచ్చింది.

మార్కులు వచ్చిన రోజు పుస్తకం తీసి చూసుకుంది. చాలాసేపు చూసి, "నేనే తిరగేసి గుర్తుపెట్టుకున్నానా తాతయ్యా?" అంది.

"అయ్యుంటుంది. నీ ధ్యాస ఎప్పుడూ ఎక్కడో ఉంటుంది" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను అమ్మాయీ. ఇక కొట్టేయడానికి లేదు, రాసేశాను.

అయినా నా పొగరు దిగలేదు. పుస్తకమే తప్పని నిరూపిద్దామని, మర్నాడు ఒక గుండెకాయ కాగితంలో చుట్టుకుని బడికి వెళ్ళాను. టీచరమ్మ బల్ల మీద పెట్టి, "మందం ఏ వైపుందో మీరే చెప్పండి" అన్నాను. ఆవిడ జంకలేదు. "ఎవరి కుడి తాతగారూ? మీదా, ఆ మేకదా?" అని, గుండెకాయను కాగితంతో సహా తీసి నా చొక్కా మీద, రొమ్ముకు ఆనించి పట్టుకుంది. "ఇది మీ గుండె అనుకోండి. మందం ఎటుందో తడుముకోండి." తడిమాను. నా ఎడమ పక్కనే ఉంది. అంతమంది పిల్లల ముందు గుండెకాయను మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాను.

ఇంకోసారి పరీక్ష పెడతారట. గురువారం లోపు పేరు ఇవ్వాలి. "మీ మనవరాలు ఇవ్వనంది. నా బుర్రకు ఎక్కదు టీచర్, చదివింది తిరగబడిపోతుంది అంది" అని చెప్పింది ఆవిడ. ఇంటికొచ్చేసరికి పిల్ల నా పాత ఏప్రాన్ కట్టుకుని కొలత చూసుకుంటోంది. సోమవారం నుంచి కొట్టులో ముక్కలు తూచడానికి వస్తానని యజమానికి మాటిచ్చి వచ్చిందట.

పిల్లను నా దగ్గరే ఉంచుకోవాలని ఇలా చేశానా అని నువ్వు అడుగుతావు. నన్ను నేనూ అడిగాను. కాదు. సిగ్గుతో చేశాను. చదవడం రాదని చెప్పడానికి సిగ్గు, అంతే.

చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ "ఏప్రాన్ నాడా బిగించుకో" అన్నాను. అందుకని ఈ కవరు అంటించకుండా బల్ల మీద పెడుతున్నాను. పైన చిరునామా రాసేది అదే కదా. తెరుస్తుంది.

చిన్నదానా, ఇక్కడి నుంచి నీకే. నీ బుర్రలో ఏదీ తిరగబడలేదు. నువ్వు సరిగ్గానే చదివావు, నేను తిప్పాను. మీ తాతకు ఆ పుస్తకం చదవడం రాదు. నా మీద కోపం నాకివ్వు, పేరు మాత్రం టీచరమ్మకు ఇవ్వు. ఇచ్చాకే ఈ ఉత్తరం పోస్టు చెయ్యి. ఇవ్వకపోతే పొయ్యిలో వేసెయ్యి.

అమ్మాయీ, ఇది నీ చేతిలో ఉందంటే అది పేరు ఇచ్చిందన్నమాట.

ఇట్లు,
నీ నాన్న,
దానికి ఏ ముఖంతో తాతనో తెలియని మనిషి