పెరట్లో పొయ్యికి ముగ్గు

మామా,

పామిడిలో అక్కకు జ్వరమంట, పోతాండా. రేపు సాయంత్రం బండికి వస్తా. సంగటి గిన్నెలో ఉండాది, నంజుకోను ఊరుబిండి దాని పక్కనే. తిన్నాక మూత పెట్టు, పిల్లి కాచుకోనుండాది.

మేస్త్రీ తిప్పేష్ పొద్దున్నే వస్తాడు. పెరట్లో వంటగదికని నువ్వు పోసిన ముగ్గు చెరిపేసి నేను మళ్ళీ పోసినా. దాని మీదనే పునాది తీయమను.

గాలి ఆడాలని పడమటి పక్క గోడే లేకుండా వదిలేసినావు. రిటైరయ్యేదాకా రైలింజను నడిపినోడివి, గాలి ముఖానికి కొట్టకుంటే నీకు తోచదు. ఆషాఢం గాలికి పొయ్యిలో మంట నిలుస్తాదా? దుమ్మంతా పప్పులో పడతాది. ఇది తెలియాలంటే ఒక్కపూటన్నా పొయ్యి ముట్టించి ఉండాల. పడమర గోడ లేపి, తూర్పు పక్క వదలమను.

సింకు, కొళాయి కూడా గీసినావు. మన వీధి కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో నీకు తెలీదా? ఆ జాగాలో నీళ్ళ తొట్టి కట్టించు.

పక్కింటి జయంతి చూసి, "ఏమక్కా, మీ ఇంటాయన టీకొట్టు పెడతాండాడా?" అనింది. ఆ మాటకే చీపురు తెచ్చి నీ ముగ్గు చెరిపినా.

బీపీ మాత్ర మింగి పడుకో.

హేమావతి

మరిచినా. పొయ్యిగట్టు ఎత్తుకని ప్రహరీ మీద నీ నడుము దగ్గర బొగ్గుగీత గీసినావు. నాకది ఎదురొమ్ము దాకా వస్తాది. ఆ గీత మాత్రం చెరపలేదు. గట్టు అంతెత్తే కట్టించు. నేను పీటేసుకోని కూర్చుంటా, నువ్వు వండి పెడుదువు.