మా అత్త తాగే వాగు నీళ్లు

నాగజ్యోతక్కకు నీ చెల్లెలు రాస్తున్నది. నా రాత వంకరగా ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి, ఏమనుకోవద్దు. ఫోన్ చేద్దామంటే మా అత్త పక్కనే కూర్చుంటుంది.

ఊరి ట్యాంకులో బ్లీచింగ్ కలిపి నీళ్లు వదిలేది మా ఆయనే, నీ మరిదే కదా. అయినా అత్త కొళాయి నీళ్లు ముట్టదు. "ఊరికంతా కలుపుకోప్పా, నాకొద్దు ఆ మందు కంపు. ఏమ్మే, వాగు నీళ్లు తేపో" అంటుంది. పోయిన వానల్లో ఆ నీళ్ల వల్లే ఆమెకు విరేచనాలు పట్టుకుని, ఆళ్లగడ్డలో సెలైన్ ఎక్కించారు. ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే వాగుకు పోయినట్టే పోయి, బడి వెనక కొళాయిలో బిందె పట్టి, వాసన పోయేదాకా మూత తీసి గాలికి ఉంచి తెస్తున్నాను.

అవి తాగి అత్త, "నీళ్లంటే ఇవీ! నా కొడుకు ట్యాంకులో వస్తాయా ఇట్లాంటివి?" అని వీధంతా చెప్పింది. ఇప్పుడు పక్కింటి ఓబులమ్మ కూడా తన బిందె నా చేతికిస్తోంది.

ఆదివారం అత్త నీ పాపను చూడటానికి నంద్యాల వస్తోంది. "ఆడ పసిబిడ్డకు ఏం నీళ్లు తాపుతాండారో" అని క్యాన్ నిండా వాగు నీళ్లు తెమ్మంది. నేను కొళాయివే నింపుతాను, భయపడొద్దు. ఆమె ముందర తాగి, "బాగుండాయత్తా" అని ఒక్క మాట అను. మరీ మెచ్చుకున్నావంటే ప్రతి వారం ఒక క్యాన్ మోయాల్సింది నేనే.

ఈ ఉత్తరం చదవగానే గ్యాసు పొయ్యి మీద కాల్చెయ్యి. చించి పారేస్తే చాలదు. అత్త నాకంటే ఎక్కువ చదువుకుంది, ముక్కలు అతికించి మరీ చదువుతుంది.