వదిన భుజాన మీ అల్లుడు

అమ్మా, మేమంతా క్షేమం. ఎవరైనా వేరేగా చెబితే కంగారు పడకు.

మొన్న ఉదయం మీ అల్లుడికి మూతి, మెడ ఒక పక్కకు తిరిగిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. పక్షవాతమేననుకుని పక్కింటివాళ్లను కేకేశాను. వాళ్లు నూనె రాద్దామన్నారు. ఆయన అక్క, మా వదిన, కుట్టుమిషను ముందు నుంచి లేచి, "అదేంటో డాక్టరు చెప్తుంది, ముందు పదండి!" అంది. ఆయన వేసుకుంటున్న మాత్రలన్నీ కొంగున ముడేసుకుని, తమ్ముణ్ణి భుజానికెత్తుకుని మూడంతస్తులు దిగింది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, మాత్రలు చూసి, "పక్షవాతం కాదమ్మా. వాంతులకు వేసుకున్న ఈ మాత్ర కొందరికి ఇలా చేస్తుంది. అయినా ఆలస్యం చేయకుండా తెచ్చి మంచి పని చేశారు" అంది. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే మెడ నిలబడింది. మాట సరిగ్గా రాగానే ఆయన, "అక్కా, నీ నడుం ఎలా ఉంది?" అన్నారు. "నోర్ముయ్! ఇప్పుడే కదా సరిగ్గా మూసుకోగలుగుతున్నావు" అని కసిరి, అవతలకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ మాత్ర ఇక వద్దన్నారు. నాన్న వాడే మందులన్నీ డాక్టరుకు ఒకసారి చూపించండి. వంటింటి కప్పు కారడం ఆగిందా? చెల్లి దగ్గు తగ్గిందా?

ఈసారి దీవెనలు రాసేటప్పుడు ముందు వదినకు రాయి, తర్వాతే మాకు.

నీ పెద్దమ్మాయి